పాముల సంతానోత్పత్తిలో బహుపితృత్వం: ఉత్తర తెలంగాణ నాగవిశ్వాసాల నేపథ్యంలో ఒక వివేచన

వ్యాససంగ్రహం:

పాములు ఆడమగ జంటగా కలిసి జీవిస్తాయని, జంటలో ఒకటి చనిపోతే రెండోది పగబడుతుందని, పెనవేసుకున్న రెండు పాములు సయ్యాటలో ఉన్న దంపతులని తెలుగు సమాజంలో బలమైన విశ్వాసం ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోని నాగారాధన సంప్రదాయంలోనూ ఈ జంట భావన కనిపిస్తుంది. జీవశాస్త్ర పరిశోధనలు మాత్రం అనేక పాము జాతుల్లో ఒక ఆడపాము ఒకే ఋతువులో పలు మగపాములతో కలుస్తుందని, ఒకే ఈతలోని పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండవచ్చని నిరూపించాయి. ఈ బహుపితృత్వం ఎలా సాధ్యమవుతుంది, పెంపకందారులు దీనిని ఎలా వాడుకుంటున్నారు, ఉత్తర తెలంగాణ పొలాల్లో, అడవుల్లో మిగిలిన పాముల మనుగడకు దీనితో ఉన్న సంబంధం ఏమిటి అన్న అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పాములు, బహుపితృత్వం, శుక్రకణ నిల్వ, అంతఃప్రజననం, నాగారాధన, జెర్రిపోతు, కరీంనగర్, ఆదిలాబాద్, వన్యప్రాణి సంరక్షణ.

1. ఉపోద్ఘాతం:

ఉత్తర తెలంగాణ గ్రామాల్లో రావి, వేప చెట్ల మొదళ్ళలో, గుడి ఆవరణల్లో నాగశిలలు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిపై ఒకే పడగ విప్పిన పాము ఉంటే, మరికొన్నింటిపై రెండు పాములు మెలికలు తిరిగి, పైన ఒకదానికొకటి ఎదురుగా నిలిచి ఉంటాయి. సంతానం కోరే దంపతులు నాగప్రతిష్ఠ చేయించడం, శ్రావణమాసంలో నాగుల పంచమినాడు స్త్రీలు పుట్టలో పాలు పోయడం నేటికీ కొనసాగుతున్న ఆచారాలు. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర గోండుల్లోని మెస్రం వంశీయులకు అత్యంత పవిత్రమైనది. ఆ వంశపు కొత్త కోడళ్ళను నాగోబా సన్నిధిలో పరిచయం చేసే ‘భేటింగ్’ ఆచారం జరిగేదీ అక్కడే. పామును సంతానంతో, వంశవృద్ధితో ముడిపెట్టే భావన ఈ నేలలో ఎంత లోతుగా ఉందో చెప్పడానికి ఈ ఉదాహరణలు చాలు.

వంశవృద్ధికి ప్రతీకగా నిలిచిన ఈ ప్రాణి తన వంశాన్ని ఎలా వృద్ధి చేసుకుంటుందన్న ప్రశ్నకు మాత్రం లోకవ్యవహారంలో తగిన సమాధానం దొరకదు. శిలపై చెక్కిన జంట రూపమే ప్రకృతిలోని వాస్తవమన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆ అభిప్రాయాన్ని ముందుగా పరిశీలించాలి.

2. జంట భావన - లోకవిశ్వాసాలు:

పాముల జంటకు సంబంధించి ప్రధానంగా మూడు విశ్వాసాలు ప్రచారంలో ఉన్నాయి.

మొదటిది, పెనవేసుకుని నిలువునా లేచిన పాములు ‘సయ్యాటాడుతున్నాయి’ అనడం. అటువంటి దృశ్యం కనిపించినప్పుడు జనం గుమిగూడి దండం పెట్టడం, కొన్నిచోట్ల వాటిపై కొత్త వస్త్రం వేసి దానిని శుభప్రదంగా దాచుకోవడం ఉంది.

రెండోది, నాగుపాము ఆడది, జెర్రిపోతు మగది అనుకోవడం. నిజానికి ఇవి రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందిన జాతులు. వీటి మధ్య సంయోగం జరగదు. రెంటిలోనూ ఆడవి, మగవి వేరుగా ఉన్నాయి. దున్నపోతు, మేకపోతు వంటి పదాల్లో ‘పోతు’ మగజంతువును సూచిస్తుంది. జెర్రిపోతు అన్న పేరులోనే ఆ మాట ఉండటం ఈ అపోహకు ఊతమిచ్చి ఉండవచ్చు. ఇదే పాముకు జెర్రిగొడ్డు అనే వ్యవహారమూ ఉంది. ‘గొడ్డు’ అంటే పశువనే కాక సంతానం లేనిదనే అర్థం కూడా ఉంది. వాస్తవంలో ఆడ జెర్రిపోతు ఒక్క ఈతలోనే పదీ పన్నెండు గుడ్ల వరకు పెట్టగలదు.

మూడోది పాము పగ. జంటలో ఒకదానిని చంపితే రెండోది వెతుక్కుంటూ వస్తుందని చెబుతారు. ఈ విశ్వాసం వెనుక ఒక వాస్తవ పరిశీలన ఉండే అవకాశం ఉంది. సంతానోత్పత్తి కాలంలో ఆడపాము తాను పాకిన దారిలో తన వాసనను వదులుతుంది. ఆ జాడను పట్టుకుని మగపాములు వస్తాయి. ఆడపామును చంపిన చోటికి తర్వాత మరో పాము చేరుకుంటే చూసినవారికి అది పగగా తోచడం సహజం. కానీ అలా వచ్చేది ప్రతీకారం కోరే భర్త కాదు, చనిపోయిన పామును అంతకుముందు ఎన్నడూ చూడని మగపాము కావచ్చు. పైగా ఒకటి కాక రెండు మూడు కూడా రావచ్చు. ఒక ఆడపామును పలు మగపాములు వెతుక్కుంటూ వస్తాయన్న జీవశాస్త్ర సత్యం పగ కథలో మరో రూపంలో దాగి ఉంది.

3. సంయోగమా, మల్లయుద్ధమా?

పాము నాలుకను బయటికి చాచి గాలిలోని, నేలపైని రసాయన కణాలను సేకరిస్తుంది. నోటి పైభాగంలో ఉండే జాకబ్సన్ అవయవం వాటిని గుర్తిస్తుంది. ఆడపాము చర్మం నుంచి వెలువడే ఫెరమోన్ల ఆధారంగా మగపాము దాని జాతిని, సంతానోత్పత్తికి సిద్ధంగా ఉందా లేదా అన్న విషయాన్ని తెలుసుకుంటుంది. ఒకే జాడను ఒకటికి మించిన మగపాములు అనుసరించినప్పుడు వాటి మధ్య పోటీ తప్పదు.

జెర్రిపోతుల్లో ఈ పోటీ మల్లయుద్ధంలా సాగుతుంది. రెండు మగపాములు శరీరాలను మెలివేసుకుని, ముందు భాగాలను పైకెత్తి, ఒకదాని తలను మరొకటి నేలకు అదమడానికి ప్రయత్నిస్తాయి. సాధారణంగా కాటు వేసుకోవు. ఓడినది తప్పుకుంటుంది. రక్తపింజరల్లోనూ ఇటువంటి పోరు కనిపిస్తుంది. జనం సయ్యాటగా భావించి చూసే దృశ్యాల్లో ఎక్కువ భాగం ఇదే.

అసలైన సంయోగం ఇంత ఆడంబరంగా ఉండదు. మగపాము ఆడపాము వీపు వెంట పాకుతూ, గడ్డంతో రాస్తూ, తోకను దాని తోక కిందికి చేరుస్తుంది. రెండూ నేలను అంటిపెట్టుకుని గంటల తరబడి దాదాపు కదలకుండా ఉండవచ్చు. కాబట్టి నిలువునా లేచి పెనుగులాడే పాములు చాలా సందర్భాల్లో రెండు మగవేనని, నేలపై నిశ్చలంగా ఉన్నవి ఆడమగలని స్థూలంగా గుర్తించవచ్చు.

మగపాములు పోరాడే జాతుల్లో మగవి ఆడవాటితో సమానంగా గాని, అంతకంటె పెద్దవిగా గాని ఎదుగుతాయని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రిచర్డ్ షైన్ 1978లో వివరించారు. పోరాటం లేని జాతుల్లో సాధారణంగా ఆడపామే పెద్దది. శరీరం పెద్దదైనకొద్దీ ఎక్కువ పిల్లలను మోయగలగడం దానికి కలిసివచ్చే అంశం.

4. ఒకే ఈతకు పలువురు తండ్రులు:

పోరులో గెలిచిన మగపాముతోనే ఆడపాము సంతానోత్పత్తి ముగుస్తుందని శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం భావించారు. పితృత్వాన్ని నిర్ధారించే జన్యుపరీక్షలు వచ్చాక ఆ అభిప్రాయం మారింది. ఉత్తర అమెరికాకు చెందిన గార్టర్ పాముల్లో ఒకే ఈత పిల్లలకు ఒకరికి మించిన తండ్రులు ఉన్నట్లు 1989లో వెలువడిన పరిశోధన చూపింది. తరువాతి దశాబ్దాల్లో పింజరల్లో, నీటిపాముల్లో, ఇతర జాతుల్లో ఇటువంటి ఫలితాలే వచ్చాయి. పాముల్లో ఒక మగ పలు ఆడవాటితో కలవడమే ప్రధాన పద్ధతి అనే పాత సిద్ధాంతాన్ని సవరించుకోవాలని, ఆడపాములు పలు మగవాటితో కలవడం సర్వసాధారణమని జీసస్ రివాస్, గోర్డన్ బర్ఘార్ట్ 2005లో వాదించారు.

ఈ స్థితికి రెండు ప్రసిద్ధ ఉదాహరణలున్నాయి. కెనడాలోని మానిటోబా రాష్ట్రం నార్సిస్ వద్ద వసంతకాలంలో వేలాది గార్టర్ పాములు భూగర్భంలోని శీతకాల ఆవాసాల నుంచి బయటికి వస్తాయి. ఒక్కో ఆడపామును పదుల సంఖ్యలో మగపాములు చుట్టుముట్టి బంతిలా ముద్దకడతాయి. వెనెజులా చిత్తడి మైదానాల్లో ఆకుపచ్చ అనకొండ ఆడపామును గరిష్ఠంగా 13 మగపాములు చుట్టుకుని ఉండటాన్ని రివాస్ నమోదు చేశారు. ఇటువంటి గుంపు కొన్ని వారాలపాటు విడిపోకుండా ఉండగలదు. ఆ గుంపులో అన్నింటికంటె పెద్దది ఆడపామే.

బహుపితృత్వం సాధ్యం కావడానికి ఆడపాము శరీర నిర్మాణం తోడ్పడుతుంది. సంయోగం జరిగిన వెంటనే ఫలదీకరణం జరగనక్కరలేదు. అండనాళంలోని సూక్ష్మమైన ముడతల్లో, నాళికల్లో శుక్రకణాలు వారాలు, నెలలు, కొన్ని జాతుల్లో ఏళ్ళ తరబడి సజీవంగా నిలిచి ఉంటాయి. అమెరికాలో ఐదేళ్ళపాటు మగతోడు లేకుండా ఉన్న ఒక గిలకపాము పిల్లలను కనగా, అవి నిల్వ ఉన్న శుక్రకణాల వల్లనే పుట్టాయని 2011లో జన్యుపరీక్ష ద్వారా తేల్చారు. ఆ విధంగా వేర్వేరు మగపాముల శుక్రకణాలు ఒకేచోట నిల్వ ఉన్నప్పుడు, బయట ముగిసిన పోటీ ఆడపాము దేహంలో మళ్ళీ మొదలవుతుంది. దీనినే శుక్రకణ పోటీ అంటారు. ఈ పోటీలో నెగ్గడానికి గార్టర్ మగపాము సంయోగానంతరం ఆడపాము అవస్కరంలో జిగురు వంటి బిరడాను వదులుతుంది. కొంతకాలం ఇతర మగపాములను అడ్డుకోవడం దాని ప్రయోజనం.

5. ఆడపాముకు కలిగే ప్రయోజనం:

ఒక్క సంయోగంలో లభించే శుక్రకణాలు ఒక ఈతకు సరిపోతాయి. అయినా ఆడపాము మళ్ళీ మళ్ళీ ఎందుకు కలుస్తుంది? సంయోగ సమయంలో శత్రువుల కంట పడే ప్రమాదం, శక్తి వ్యయం ఉన్నప్పటికీ ఈ ప్రవర్తన కొనసాగుతోందంటే తగిన లాభం ఉండాలి. థామస్ మాడ్సెన్, ఆయన సహచరులు దక్షిణ స్వీడన్‌లోని యాడర్ అనే విషసర్పాలను పరిశీలించి 1992లో ఒక సమాధానం ప్రతిపాదించారు. ఎక్కువసార్లు సంయోగంలో పాల్గొన్న ఆడపాముల ఈతల్లో చనిపోయి పుట్టే పిల్లలు తక్కువగా ఉన్నాయి. స్వీడన్‌లోనే ఇసుకబల్లులపై 1996లో వెలువడిన అధ్యయనం, దగ్గరి బంధుత్వమున్న మగవాటికంటె దూరపు మగవాటి శుక్రకణాలే ఎక్కువ పిల్లలకు కారణమవుతున్నాయని తెలిపింది. ఆడజీవి ముందుగా మగవాటి జన్యుబలాన్ని బేరీజు వేయలేకపోయినా, పలువురితో కలిసి శుక్రకణాల మధ్య ఎంపికకు అవకాశం కల్పిస్తుందన్నది దీని సారాంశం. అన్ని జాతుల్లోనూ ఫలితం ఇంత స్పష్టంగా ఉండదు. జనాభా చిన్నదై, బంధుత్వం దగ్గరదైన చోట మాత్రం ఈ ప్రయోజనం ప్రాణావసరమవుతుంది.

యాడర్ పాముల తదుపరి చరిత్ర ఇందుకు గట్టి నిదర్శనం. స్మీగెహుక్ అనే సముద్రతీర ప్రాంతంలోని ఆ పాముల గుంపు చుట్టూ సాగుభూములు విస్తరించడంతో మిగతా గుంపుల నుంచి వేరుపడిపోయింది. అంతఃప్రజననం పెరిగి వికృత శిశువులు, మృతశిశువులు ఎక్కువయ్యాయి. 1992లో పరిశోధకులు జన్యువైవిధ్యం గల మరో ప్రాంతం నుంచి 20 మగపాములను తెచ్చి అక్కడ వదిలారు. నాలుగు సంతానోత్పత్తి ఋతువుల తర్వాత వాటిలో మిగిలినవాటిని వెనక్కి తీసుకువెళ్ళారు. కొన్నేళ్ళలోనే ఆ గుంపు సంఖ్య చెప్పుకోదగినంతగా పెరిగింది. ఈ ఫలితాలు 1999లో ‘నేచర్’ పత్రికలో ప్రచురితమయ్యాయి. కొత్త మగపాముల రాక ఒక గుంపును అంతరించే స్థితి నుంచి కాపాడగలదని ఈ ప్రయోగం తేల్చింది.

6. పెంపకంలో పలు మగపాముల వినియోగం:

అమెరికా, ఐరోపా దేశాల్లో బాల్ పైథాన్, కార్న్ స్నేక్, బోవా వంటి పాములను పెంపుడు జంతువులుగా పెంచి పిల్లలను ఉత్పత్తి చేయడం ఒక వ్యాపారం. అక్కడి పెంపకందారుల్లో కొందరు ఒక ఆడపాము వద్దకు ఒకే ఋతువులో ఇద్దరు ముగ్గురు మగవాటిని వంతులవారీగా గాని, ఒకేసారి గాని వదులుతారు. ఒక మగపాముకు పటుత్వం లేకపోయినా మరొకటి ఉపయోగపడుతుందన్నది మొదటి కారణం. పోటీదారు ఉనికి, కనీసం దాని కుబుసం వాసన, మందకొడిగా ఉన్న మగపామును ప్రేరేపిస్తుందన్నది రెండో కారణం.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. ప్రకృతిలో ఓడిన పాము తప్పుకోగలదు, పెట్టెలో దానికి దారి ఉండదు. కార్పెట్ పైథాన్ల వంటి జాతుల్లో మగపాములు ఒకదానినొకటి కొరికి తీవ్రంగా గాయపరచుకుంటాయి. ఆడపాముకూ విశ్రాంతి కరువై, ఒత్తిడి పెరుగుతుంది. పాములను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడం వల్ల పురుగులు, వ్యాధులు వ్యాపిస్తాయి. బోవాలను, పైథాన్లను బలిగొనే అంతర్వేశ దేహ వ్యాధికి అరీనావైరస్‌లతో సంబంధం ఉందని 2012లో గుర్తించారు. పైకి ఆరోగ్యంగా కనిపించే పాము కూడా దానిని మోసుకురావచ్చు.

అన్నింటికంటె ముఖ్యమైన సమస్య వంశావళి. పలు మగపాములను వాడినప్పుడు ఏ పిల్ల ఏ తండ్రిదో జన్యుపరీక్ష లేకుండా చెప్పలేరు. గత ఋతువులో నిల్వ ఉన్న శుక్రకణాలు లెక్కను మరింత చిక్కుపరుస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాలలోని ఒక బర్మా కొండచిలువ మగతోడు లేకుండానే అనిషేకజననం ద్వారా పిండాలను ఉత్పత్తి చేసిందని 2003లో ప్రకటితమైంది. అంటే పెట్టెలో పుట్టిన ప్రతి పిల్లకూ తండ్రి ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. వంశావళి తెలియని పిల్లలను తిరిగి పరస్పరం కలిపితే అంతఃప్రజననానికి దారితీస్తుంది. పైగా వ్యాపార పెంపకం రంగుల కోసం సాగుతుంది. బాల్ పైథాన్లలో ‘స్పైడర్’ అనే రంగు రకానికి తల అదుపుతప్పి వణికే నాడీలోపం ముడిపడి ఉన్నా, దానిని పెంచడం ఆగలేదు. ప్రకృతిలో పలువురు తండ్రులు వైవిధ్యానికి దోహదం చేస్తే, రంగు కోసం చేసే ఎంపిక ఆ వైవిధ్యాన్నే హరిస్తుంది.

7. భారతీయ చట్టం - ఉత్తర తెలంగాణ పరిస్థితి:

భారతదేశంలో నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర, కొండచిలువ వంటి దేశీయ పాములను పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటిని ఇంట్లో పెంచి పిల్లలను ఉత్పత్తి చేసే ప్రసక్తి లేదు. విదేశీ జాతుల విషయంలో చాలాకాలం స్పష్టత కొరవడింది. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన 2022 సవరణ, 2024లో వెలువడిన నియమావళి ఆ లోటును పూరించాయి. అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం పరిధిలోకి వచ్చి, చట్టం షెడ్యూలులో చేరిన విదేశీ జాతులను కలిగి ఉన్నవారు వాటి వివరాలను, పుట్టిన పిల్లల వివరాలతో సహా, ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. బాల్ పైథాన్ ఈ కోవలోనిదే.

ఈ ప్రాంతంలో పాములను బంధించడానికి పెంపకపు సరదాకంటె మూఢనమ్మకమే ఎక్కువ కారణమవుతోంది. మొద్దుతోక వల్ల ‘రెండు తలల పాము’ అని పిలిచే ఎర్ర ఇసుకబోవా ఇందుకు బలవుతోంది. అది గుప్తనిధులు చూపుతుందని, బరువు పెరిగేకొద్దీ ధర పెరుగుతుందని నమ్మించి దానిని పట్టి, బంధించి, అమ్మజూపే ముఠాలు తెలంగాణలో పలుమార్లు పట్టుబడ్డాయి. దీనికి ఉన్నది ఒకే తల. విషం లేదు. గుడ్లు పెట్టక పిల్లలను కంటుంది. ఆడపాము మగదానికంటె బాగా పెద్దది. బరువును బట్టి ధర కట్టే చోట ముందుగా పట్టుబడేది పెద్దగా ఉండే ఆడపామే. ఒక్క ఆడపామును తొలగిస్తే దానిని వెతికే మగపాములన్నింటి వంశావకాశం ఒకేసారి తగ్గిపోతుంది.

నేల కూడా మారుతోంది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యంగా గుర్తింపు పొందిన అటవీప్రాంతం ఇంకా విస్తారంగా ఉన్నా, అడవి బయట పాముల ఆవాసాలు ముక్కలవుతున్నాయి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు, శ్రీరాంసాగర్ కాలువలు, గోదావరిఖని పరిసరాల్లో బొగ్గు గనులు, ఆదిలాబాద్-నిర్మల్ మీదుగా సాగే 44వ జాతీయ రహదారి, వాటి మధ్య వరి, పత్తి చేలు ఉన్నాయి. ఆడపాము సాధారణంగా తన పరిధిని దాటి ఎక్కువ దూరం వెళ్ళదు. జోడీ కోసం దూరాలు తిరిగేది మగపాము. కొత్త జన్యువులను ఒక గుంపు నుంచి మరో గుంపుకు మోసుకుపోయేది కూడా అదే. సంతానోత్పత్తి కాలంలో రోడ్డు దాటుతూ చక్రాల కింద పడే మగపాముతో పాటు రెండు గుంపుల మధ్య ఉన్న ఆ లంకె కూడా తెగిపోతుంది. స్మీగెహుక్ పాములను సాగుభూములు వేరుచేసిన స్థితికి, క్వారీకి కాలువకు మధ్య మిగిలిన ఒక గుట్ట మీది పాముల స్థితికి పోలిక లేకపోలేదు.

పొలంలో పెనవేసుకున్న జెర్రిపోతులను కర్రలతో కొట్టడం వల్ల ఒకే దెబ్బకు రెండు మగపాములు పోతాయి. ఎలుకలను తిని పంటను కాపాడే పాముకు అది రైతు చేతిలోనే కలిగే నష్టం. ఇళ్ళలో దూరిన పాములను నేర్పు గలవారు పట్టి విడిచిపెట్టడం హర్షణీయమే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థలు ఈ పనిని వ్యవస్థీకృతంగా చేస్తున్నాయి. అయితే పామును ఎక్కడో దూరపు అడవిలో వదిలితే అది ఆహారపు చోట్లను, దాగే చోట్లను, తన జోడీల జాడలను ఒక్కసారిగా కోల్పోతుంది. పట్టిన చోటికి సమీపంలోని అనువైన స్థలంలో వదలడం ఈ దృష్టితోనూ మేలు.

8. ముగింపు:

- పాములు స్థిరమైన దంపతులుగా జీవించవు. అనేక జాతుల్లో ఆడపాము ఒకే ఋతువులో పలు మగపాములతో కలుస్తుంది, ఒకే ఈత పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండవచ్చు.
- సయ్యాటగా భావించే దృశ్యం చాలావరకు రెండు మగపాముల బలపరీక్ష. పాము పగ అన్న విశ్వాసాన్ని ఆడపాము వాసన జాడను అనుసరించే మగపాముల ప్రవర్తనతో వివరించవచ్చు.
- శుక్రకణ నిల్వ, శుక్రకణ పోటీ బహుపితృత్వానికి ఆధారాలు. చిన్నవై, ఒంటరివైన గుంపులను అంతఃప్రజననం నుంచి కాపాడటంలో కొత్త మగపాముల పాత్ర కీలకం.
- పెంపకంలో పలు మగపాముల వినియోగం ఫలదీకరణ అవకాశాన్ని పెంచినా గాయాలకు, వ్యాధులకు, వంశావళి గందరగోళానికి దారితీస్తుంది. దేశీయ పాముల పెంపకం భారతదేశంలో చట్టవిరుద్ధం.
- ఉత్తర తెలంగాణలో పాముల జన్యువైవిధ్యం నిలవాలంటే వాటిని బంధించి పెంచడం మార్గం కాదు. మగపాము ఒక పుట్ట నుంచి మరో పుట్టకు, ఒక గుట్ట నుంచి మరో గుట్టకు ప్రాణాలతో చేరగల దారులు మిగలాలి.

సంతానం కోసం నాగశిలకు మొక్కే సమాజం పాము సంతానాన్ని గురించి కూడా ఆలోచించడం ఆ భక్తికి విరుద్ధం కాదు. చేను గట్టున ఒక పుట్టను తవ్వకుండా వదిలేయడం, పెనుగులాడుతున్న పాములను వాటి మానాన పోనివ్వడం పుట్టలో పాలు పోయడంకంటె పాముకు ఎక్కువ ఉపకరిస్తాయి. పాలు పాము ఆహారం కాదు. దానికి కావలసింది నేల, ఎర, వెతుక్కుంటూ వచ్చే తోడు.